పన్నెండో పేజీల అత్తమ్మ నంబరు

కుంభారి,
మంగళవారం, పొద్దున పదకొండు కావస్తున్నది

అమ్మకు,

నీ పెద్దబిడ్డ రజిత రెండు చేతులు జోడించి రాయునది (ఒక చేతిల కలమున్నది, అయినా జోడించినట్టే అనుకో). ఇక్కడ నేను, మీ అల్లుడు, అత్తమ్మ ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వు, బాపు, బాపు దగ్గు, తమ్మునికి కొత్తగ వస్తున్న మీసాలు, అందరు ఎట్లున్నరో రాయి. మోకాలికి నూనె రుద్దుతున్నవా, లేకపోతె సీసాకు దండం పెట్టి పక్కన పెట్టినవా? నేను మంచిగనే ఉన్న. తింటున్న, పంటున్న. మళ్ల చెప్తున్న, మంచిగనే ఉన్న.

ఇన్నిసార్లు మంచిగున్న అన్నదంటె ఏదో ఉన్నదని నీకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటది. నిజమే, ఉన్నది. కని ముందుగాల కూసో. మంచినీళ్లు తాగు. ఎవరికి ఏం కాలే. నేనే ఒక ఘనకార్యం చేసిన.

ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవు. అమ్మా, నీ ఫోన్ ఎప్పుడు స్పీకర్లనే ఉంటది. నేను "అమ్మా" అంటె సిరిసిల్లల మన వాడకట్టు మొత్తం "ఆఁ బిడ్డా" అంటది. ఇక్కడనేమో మాది ఒక గది, ఒక వంటగది. వంటగదిల గుసగుసలాడితె గదిలకెళ్లి జవాబొస్తది. అందుకే ఉత్తరం. కథల నోటుబుక్కులనే రాస్తున్న. అత్తమ్మ ఎదురుంగ కూసోని బీడీలు చేస్తున్నది. కోడలు పిల్లల కథ రాస్తున్నదని అనుకుంటున్నది. అనుకోనీ.

పెండ్లికి ముందు నేను వాడకట్టుల డప్పు కొట్టుకున్న సంగతి యాదికున్నదా? "షోలాపూర్ల గాదు, ఊరి బయట కొత్త కాలనీ, చుట్టు జొన్న చేన్లు. పల్లె వాతావరణం. ఇగ రోజుకో కథ." పల్లె ఒడిల కూసోని బాలసాహిత్యానికి జీవితం అంకితం చేసిన రచయిత్రి గారి దినచర్య ఇప్పుడు చిత్తగించు.

పొద్దున్నే జొన్న చేన్ల మీదికెళ్లి చల్లగాలి వస్తది. కవులు రాసే గాలి అదే. కని కవులు దుమ్ము సంగతి రాయలే. నేను ఊడుస్త, గాలి వెనుకకు తెచ్చి పెడుతది. మీ అల్లుడు బండి మీద షోలాపూర్ల కుంఠా నాకా కాడి మగ్గాల మీదికి పోతడు. సాయంత్రం ఇంటికి వచ్చినా ఆయన చెవులల్ల మగ్గాలు ఆడుతనే ఉంటయి. ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలె. ప్రేమగ ఒక మాట చెప్పాలన్నా రెండుసార్లే. రెండోసారి అది పక్కింటోళ్లకు గూడ చేరుతది. తొమ్మిది గొట్టంగనే మా గడప ముందట నీడ పడుతది కాబట్టి వాడకట్టు ఆడోళ్లు చాటలు, ఆకు, తంబాకు పట్టుకొని ఇక్కడికే వస్తరు. నా రాతబల్ల ఏందంటె బోర్లించిన పిండిడబ్బా. తంబాకు ఘాటుకు తుమ్ములు ఆగయి. ఇక్కడికి వచ్చినంక రాసిన ప్రతి కథల ఎవలకో ఒకలకు జలుబు ఉంటది. చదివినప్పుడు చూడు.

తిండికి తక్కువ లేదు. కడక్ భాకరి అని, ఎండిన జొన్నరొట్టె ఉంటది. విరగ్గొడితె పలక పగిలినట్టు సప్పుడు. దాని మీద అత్తమ్మ దంచిన పల్లికారం. బాగుంటది, నిజంగ బాగుంటది. కని బువ్వ తిన్నంక, ఆడోళ్లందరు ఇండ్లకు పోయినంక, గాలికి తలుపు దానంతట అదే కొట్టుకుంటది. నువ్వు వచ్చినవేమో అని తలెత్తి చూస్త. ఇంత చదువు చదివి తలుపును చూసి మోసపోతున్న. ఈ ముక్క తమ్మునికి చదివి వినిపియ్యకు, ఏడిపిస్తడు.

సరే, ఘనకార్యానికి వస్త.

నా రెండో పుస్తకం బొమ్మల పుస్తకమని చెప్పిన గదా. కథ నీకు తెల్వదు, ఇక్కడికి వచ్చినంక రాసిన. చిట్టి అని ఒక పిల్ల. వాళ్ల అవ్వ బీడీలు చేస్తది. కట్టకు ఇరవై అయిదు బీడీలు. ఒక కట్ట అయ్యేదాక అవ్వ ఒక కథ చెప్తది, కట్ట కాంగనే కథ అయిపోతది. అవ్వ చేసిన బీడీల మూతులు చిట్టి గోరుతోని మలుస్తది, లెక్క గూడ అదే పెడుతది. ఇరవై మూడు కాడికి వచ్చినంక మళ్ల పదిహేడు అంటది. కథ ఇంకొంచెంసేపు నడవాలని. అంతే కథ. హైదరాబాదుల పుస్తకం వేసే మేడంకు మస్తు నచ్చింది. "రజితా, బొమ్మలు వేసే ఆయన బీడీలు చేసే ఇల్లు ఎన్నడు చూడలేదు. ఒక ఫోటో పంపు" అన్నది.

పంపిన. ఆ రోజు పక్కింటి రేణుకక్క బిడ్డ పింకీ, రెండో తరగతి చదువుతది, బడి నుంచి వచ్చి అత్తమ్మ పక్కన కూసోని మూతులు మలుస్తున్నది. వెలుతురు ఎంత మంచిగున్నదో. టక్కున తీసిన, టక్కున పంపిన. ఎవలను అడగలే.

అమ్మా, ఇక్కడ ఒక సంగతి ఉన్నది. బడి ఈడు పిల్లలు బీడీలు ముట్టద్దని రూలు. న్యాయమైన రూలే. కని బడి నుంచి వచ్చినంక పిల్లలు అమ్మ పక్కన కూసోని నాలుగు మూతులు మలుచుడు ఇంటింట్ల ఉన్నదే. అందరికి ఎరుకే, ఎవలు నోరు తెరిచి చెప్పరు. ఆఫీసోళ్లు చూస్తె బీడీ చేసే మనిషి కార్డు మీదికి వస్తదని భయం. కార్డు పోతె పని పోతది, పింఛను పోతది. ఎనిమిది నెలల సంది ఈ ఇంట్ల ఉన్న, నాకు ఇది తెల్వదా? తెలుసు. కని కథ రాసేటప్పుడు తెలిసినయన్ని ఎక్కడికి పోతయో.

మొన్న ఆదివారం మేడం పుస్తకం పేజీలు ఫోన్ల పంపింది. "చూసి చెప్పు, శుక్రవారం ప్రెస్సుకు పోతయి" అన్నది. నేను ఒక చేతితోని భాకరి తట్టుకుంట, ఇంకో చేతితోని చూసి, "చాలా బాగున్నయి మేడం" అని మూడు పూలు గూడ పెట్టిన. తర్వాత చేతులు కడుక్కోని, సంతోషంగ, పన్నెండో పేజీ పెద్దగ చేసి చూసిన.

ఆ బొమ్మలు వేసే ఆయన మహానుభావుడు. అట్ట మీద నా ఇంటిపేరు మర్చిపోయిండు కని ఫోటోల ఉన్నది ఒక్కటి మర్చిపోలే. అత్తమ్మ ముక్కుపుల్ల ఉన్నది. పింకీ రెండు జడలు, చినిగిన ఫ్రాకు ఉన్నయి. పింకీ చేతిల బీడీ ఉన్నది. ఎనుక గోడకు మొల ఉన్నది, మొలకు ప్లాస్టిక్ కవరుల అత్తమ్మ బీడీ కార్డు ఉన్నది. కార్డు మీద నంబరున్నది. అయిదంకెలు, ముత్యాల్లెక్క, ఒక్క తప్పు లేకుండ.

గప్పటి నుంచి మేడంకు ఫోన్ చేస్తున్న. ఎత్తుతలేదు. ఊరికి పోయిందో ఏందో. మెసేజీ పెట్టిన, చూడలే. ఇయ్యాల మంగళవారం. నాకు రెండు రోజుల సంది సంచి వేసుకున్న ప్రతి మనిషి ఆఫీసోడే అనిపిస్తున్నడు. నిన్న సాయంత్రం ఒకాయన సంచి, కాగితాలు పట్టుకొని గల్లీలకు వచ్చిండు. నేను ఉరికిపోయి పింకీని బియ్యం డబ్బా ఎనుక కూసోపెట్టిన, అత్తమ్మ చాట మీద దుప్పటి కప్పిన, ఆయనకు చాయ పోసిన. ఆయన చాయ తాగి, "కరెంటు మీటర్ కుఠే ఆహే?" అన్నడు. మీటరు చూపిచ్చిన. ఇంకో కప్పు గూడ పోసిన, అనుమానం రావద్దని.

రేణుకక్క అన్నీ చూసింది. "ఏమైందే నీకు? మీటరోనికి రెండు చాయలు, మాకు ఒక్కటి గూడ లేదు!"

అన్నం సయిస్తలేదు. దాంతోని ఇంకో కథ మొదలైంది. అత్తమ్మ నిన్న అడగకుండనే నిమ్మకాయ తొక్కు కంచంల ఏసింది. రేణుకక్క నన్ను చూసి నవ్వుతున్నది. అమ్మా, అదేం లేదు. నువ్వు గూడ ఆశ పెట్టుకోకు, ఉయ్యాల వెతుక్కోకు. ఇది భయం, అంతే.

అత్తమ్మ సంగతి నీకు ఎరుకనే. పెండ్లినాడు పందిట్ల బాపు చేతిల బీడీ తీసుకొని తిప్పి చూసి, "అన్నా, ఇది ఎవలు చేసిన్రు? దారం చూడు ఎట్ల జారుతున్నదో" అని నలుగుట్ల అన్నది. బాపు ఆ దినం మొత్తం బీడీని వీపు ఎనుక దాచుకొని తాగిండు. ముప్పై ఏండ్ల సంది అదే కార్డు, అదే నంబరు. నేను ఈమెకు ఏమని చెప్పాలె? చెప్పకుండ మేడం ఫోన్ ఎత్తేదాక చూడాల్నా? శుక్రవారం దాక ఎత్తకపోతె? ఒక్క ఉపాయం చెప్పు. నీ జవాబు వచ్చేవరకు శుక్రవారం పోనే పోతది, అది గూడ నాకు తెలుసు. అయినా అడుగుతున్న.

అత్తమ్మ ఇటు చూస్తున్నది. ఆపుతున్న.

శుక్రవారం, సాయంత్రం

అమ్మా, నేనే. పైన ఆపిన కాడికెళ్లి మొదలుపెడుతున్న. పింకీ క్షేమం, కార్డు క్షేమం, నేను గూడ క్షేమమే అనుకో.

చెప్పిన. బుధవారం మధ్యాహ్నం చెప్పిన. రేణుకక్క రేషను దుకాణానికి పోయింది, అత్తమ్మ ఒక్కతే ఆకు కత్తిరిస్తున్నది. పోయి ఎదురుంగ కూసున్న.

"అత్తమ్మా, నీకొకటి చెప్పాలె."

ఆమె కత్తెర ఆపలే. "నాకు ఎరుకనే. ఎన్నో నెల?"

"నెల గాదు అత్తమ్మా, పేజీ. పన్నెండో పేజీ."

ఫోన్ చేతిల పెట్టిన. కొంగుకు వేళ్లు తుడుచుకొని తీసుకున్నది. చూసింది. కత్తెర ఆగింది. అమ్మా, ఈ ఎనిమిది నెలలల్ల ఆకు నడుమల ఆ కత్తెర ఆగంగ నేను చూడలే.

"ఇది నా నంబరు."

"ఔ."

"ఇది మన పింకీ."

"ఔ అత్తమ్మా."

"ఇది ఎవలెవలు చూస్తరు?"

"పుస్తకం కొన్నోళ్లందరు."

"కాయ్ కేలస్ గ సూన్‌బాయి," అన్నది. ఏం పని చేసినవే కోడలా అని. మెల్లగ అన్నది. తిడితె నేను ఏదో ఒక జోకు కొట్టి గట్టెక్కుదును. తిట్టలే.

తర్వాత రెండు వేళ్లతోని బొమ్మను పెద్దగ చేసింది. మస్తుసేపు చూసింది. నేను నా సంచి ఎట్ల సర్దుకోవాల్నో ఆలోచిస్తున్న. బస్సుకు పోవాల్నా, రైలుకా.

"ఈ బీడీలు ఎవలు చేసిన్రు?"

"ఎవలు చెయ్యలే అత్తమ్మా, బొమ్మలు వేసే ఆయన వేసిండు."

"ఆయనను పిలువు."

"హైదరాబాదుల ఉంటడు."

"ఫోన్ల పిలువు. దారం నడుముకు కట్టిండు, ఇది బీడీనా, ధోతి కట్టిన పంతులా? మూతులు చూడు, కాకిపిల్లల్లెక్క నోర్లు తెరిచి ఉన్నయి. తంబాకు మొత్తం చాటల రాలుతది. కట్టల ఇరవై అయిదు ఉండాలె. ఇంత సన్న కట్టల పందొమ్మిది పట్టయి. నా నంబరు కింద ఇసొంటి మాల్ పెడుతడా? కార్ఖానల మాల్ చూసే చెకర్ చూస్తె మొత్తం ఎత్తి బయట పారేస్తడు!"

నాకు నవ్వు వచ్చింది. ఆమెకు రాలే.

"నవ్వకు. ఆఫీసోడు వస్తె పిల్ల సంగతి అడుగుతడు. కార్ఖానోడు వస్తె మాల్ సంగతి అడుగుతడు. ఇద్దరికి నేనేం చెప్పాలె? మా కోడలు కథ రాసింది అని చెప్పాల్నా?"

"నంబరు తీసేపిస్త అత్తమ్మా. పింకీ చేతిల బీడీ గూడ తీసేపిస్త. కని పిల్ల పక్కన లేకపోతె కథ లేదు..."

"ఆ కథ ఏందో చదువు ముందు."

అమ్మా, అప్పుడు నాకు తలకాయ కొట్టుకోవాలనిపించింది. ఆమె ఇల్లు, ఆమె చాట, ఆమె కట్టలు, ఆమె చెప్పే కథలు, అన్నీ తీసుకొని రాసిన. హైదరాబాదుకు పంపిన. ఆమెకు ఒక్కసారి గూడ చదివి వినిపియ్యలే. ఎదురుంగనే కూసోని రాసి!

చదివిన. చదువుతుంటె కత్తెర మళ్ల మొదలైంది. చిట్టి ఇరవై మూడు నుంచి పదిహేడుకు వెనుకకు పోయిన కాడ ముక్కుల నవ్వింది.

"లెక్కనే గదా అది పెట్టేది. పెట్టనియ్యి. లెక్క పెడితె ఎవడేమంటడు? బడిల గూడ అదే చెప్తరు. మూతులు మాత్రం పిల్లతోని మలిపియ్యకు."

"నువ్వు చిన్నప్పుడు మలిచినవు గదా అత్తమ్మా. నువ్వే చెప్పినవు. అందుకే రాసిన."

కుడిచేతి బొటనవేలు నా ముంగట పెట్టింది. రోజు చూసే వేలే. గోరు ఒక పక్కకు వంగి, అరిగిన పారలెక్క ఉంటది.

"ఏడేండ్లప్పటి సంది. పిల్ల గోరుకు మూతి మంచిగ మలుగుతదని మా అమ్మ కూసోపెట్టింది. రెండో తరగతిల పేరు కొట్టేసిన్రు." కత్తెర నడుస్తనే ఉన్నది. "ఈ గోరు ముసలిదాని చేతికి వెయ్యమను. పిల్ల చేతికి వద్దు."

పిల్ల మూతులు మలిచే వాక్యం నేనే కొట్టేసిన. నేను! నమ్ముతవా?

ఆ సాయంత్రం పదకొండో ఫోనుకు మేడం ఎత్తింది. ఆమె పెండ్లికి పోయిందట, ఫోన్ సంచిల ఉండిపోయిందట. మొత్తం చెప్పిన, కొట్టేసిన వాక్యం సంగతి గూడ. "రేపు పొద్దుగాల కొత్త ఫోటో పంపితె బొమ్మ మళ్ల వేపిచ్చే ప్రయత్నం చేస్త. కాకపోతె ఏం చేస్తమో చూద్దం," అన్నది. ఆ "కాకపోతె" నాతోని రెండు దినాలు తిరిగింది అమ్మా. భాకరి తడుతుంటె పక్కన నిలబడ్డది.

రేణుకక్కకు గూడ చెప్పాలె గదా, పిల్ల ఆమెది. చెప్పిన. తిట్లు తెలుగుల మొదలుపెట్టి, మరాఠీలకు పోయి, హిందీల ముగించింది. ఆఖరుకు, "నంబరు లేదు, బీడీ లేదు అంటున్నవు, సరే. కని ఆ చినిగిన ఫ్రాకు వద్దు. ఎర్రది వెయ్యమను, దసరాది," అన్నది. పింకీ ఎర్ర ఫ్రాకు వేసుకొని గురువారం బడికి పోయేముందు వచ్చి లెక్క పెట్టేటట్టు కూసున్నది. దానికి అంకెలు మనసుల చెప్పుకొమ్మన్న. గట్టిగనే చెప్పింది.

అత్తమ్మ గోడకున్న కార్డు తనే తీసి బియ్యం డబ్బాల పెట్టింది. పెట్టె తీసి మా పెండ్లికి కట్టుకున్న చీర కట్టింది. బీడీల ఘాటుకు పాడైతది అత్తమ్మా అంటె వినలే. ఒక కట్ట చేసింది. నేను ఆమె చేతులను అంత దగ్గర నుంచి చూసుడు అదే మొదటిసారి. ఆకు తిప్పిందంటె తిరిగింది, తంబాకు పోసిందంటె చాలినంతనే, దారం రెండు చుట్లు, మూతికి ఆ వంకర గోరు ఒక్క నొక్కు. ఇరవై అయిదు అక్కచెల్లెండ్లు ఒక్క ఎత్తు. "ఇప్పుడు తియ్యి" అన్నది. తీసిన. తీసేముందు అడిగిన గూడ, "తియ్యాల్నా?" అని. "నేర్చుకున్నది" అని రేణుకక్కతోని అన్నది, నాతోని కాదు.

అడగకుండనే ఇంకో ఆజ్ఞ గూడ ఇచ్చింది. "ఈ పుస్తకం చదివేది పిల్లలు గదా. బీడీ మంచిగ కనపడాలె, కని ఒక్కడు గూడ తాగాలె అనుకోవద్దు. గట్ల రాయి. నేను ఏడేండ్లప్పటి సంది చేస్తున్న, ఒక్కటి నోట్ల పెట్టలే." అమ్మా, ఏ రచయితకన్నా ఇంత కష్టమైన పని ఎవలన్నా చెప్పిన్రా? ఒక్క వాక్యం రాసెటందుకు గురువారం రాత్రంత పట్టింది, అదే మేడంకు పంపిన. బాపుకు మాత్రం ఈ మాట చదివి వినిపియ్యి. ఆయన చేతిలది ఆర్పినంక.

ఇయ్యాల మూడు గొట్టంగ కొత్త బొమ్మ వచ్చింది. నేను ముందుగాల గోడ చూసిన. మొల ఉన్నది, కార్డు లేదు. పిల్ల ముఖం పింకీది కాదు, ఫ్రాకు మాత్రం ఎర్రది. పిల్ల రెండు చేతులు గాలిల ఉన్నయి, వేళ్లు మడిచి లెక్క పెడుతున్నది. ముసలవ్వ బొటనవేలికి గోరు వంకరనే ఉన్నది. నేను ఫోన్ అత్తమ్మకు ఇచ్చిన. చెకర్ ముంగట మాల్ పెట్టి నిలబడ్డట్టే ఉన్నది. ఆమె పెద్దగ చేసి ఒక్కొక్క బీడీ చూసింది.

"రెండు వదులున్నయి. మిగిలినయి నడుస్తయి. పంపమను."

మేడంకు "సరే" అని పెట్టిన. ఈసారి పూలు పెట్టలే. "ప్రెస్సుకు పోయింది" అని అయిదు గొట్టంగ జవాబొచ్చింది. పుస్తకం చేతికి వచ్చి, పన్నెండో పేజీ కండ్లతోని చూసేదాక నాకు పానం కుదుటపడది. పాత పేజీనే పోయిందేమో అని ఒక పురుగు తొలుస్తనే ఉన్నది. పోలే. పోయి ఉండది. నువ్వు గూడ పోలేదనే అనుకో, ఇద్దరం అనుకుంటె బలం.

ఇదంత రాద్దామని ఇప్పుడే పిండిడబ్బా బోర్లేసుకోని కూసున్న. అత్తమ్మ తల ఎత్తకుండనే, "ఆ ఉత్తరం ఇయ్యాలన్నా పోస్టుల వేస్తవా?" అన్నది.

"ఏ ఉత్తరం అత్తమ్మా? కథ గదా."

"మంగళవారం సంది చూస్తున్న. పైననే 'అమ్మ' అని ఉన్నది. రెండో తరగతి దాక చదివిన, ఆ మాట రాదా నాకు?"

ఉత్తరమని మంగళవారం నుంచే తెలుసట. నీకు రాసే సంగతి తనకు గూడ చెప్తనా, చెప్పనా అని చూస్తున్నదట.

"మీ అమ్మకు నా మాట గూడ రాయి," అన్నది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్న: "వదినె, బిడ్డ మంచిదే. చెయ్యి ఖాళీగ ఉంచది, నోరు అసలే ఖాళీగ ఉంచది. అన్నం మళ్ల తింటున్నది. నువ్వు రంది పడకు. అన్నకు దగ్గు తక్కువైందా?"

కింద తనే దస్కతు పెడుత అన్నది. కలం ఇచ్చిన. ఆమె ఇన్నేండ్లు దస్కతు పెట్టిందంత కార్ఖానా కాగితాల మీదనే గదా, చెయ్యికి అదే అలవాటు. ముందుగాల నంబరు రాసింది. తర్వాత పేరు, అంబూబాయి. రాసినంక చూసుకోని ఇద్దరం ఆగిపోయినం.

"కొట్టేస్త అత్తమ్మా," అన్న.

"ఉండనియ్యి," అన్నది. "మీ అమ్మనే గదా చూసేది."

కింద మూలకు ఉన్న అయిదంకెలు అవే.

నా ఊదారంగు స్వెటరు, పెట్టె అడుగున ఉన్న పాత కథల బుక్కు, కొంచెం నువ్వు దంచిన కారం ఎవలన్నా ఇటు వస్తె పంపు. బాపు కాళ్లకు, మేనత్తకు, మన వాడకట్టు పెద్దలందరికి నా దండాలు చెప్పు. పుస్తకం మంచిగ రావాలని దీవించు, పన్నెండో పేజీని కొంచెం ఎక్కువ దీవించు. ఉత్తరం చదివినంక స్పీకర్ల పెట్టినట్టు అందరికి చూపియ్యకు. మడిచి నీ పెట్టెల చీరల కింద పెట్టు.

నీ దీవెనకు ఎప్పుడు చెయ్యి చాపి ఉండే,
రజిత